సగం పేరు మిగిలిన స్ట్రిప్పు

నేను కౌంటర్ దగ్గర ఉంటే కొంతమంది మగవాళ్లు మా షాపు మెట్టెక్కరు. రోడ్డవతల సోడా బండి దగ్గర నిలబడి, నేనెప్పుడు లోపలికి వెళ్తానా అని చూస్తుంటారు. నేను లోపలి గదిలోకి వెళ్లగానే గబగబా వచ్చి, మా కుర్రాడితో గుసగుసగా ఏదో చెప్పి, వాడు కత్తిరించి ఇచ్చింది జేబులో కుక్కుకుని, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్లిపోతారు.

తణుకులో మేము మెడికల్ షాపు పెట్టి ఇరవై మూడేళ్లయింది. ఫార్మసిస్టుని నేనే, లైసెన్సు మీద ఉన్నదీ నా పేరే. వయాగ్రా లాంటి బిళ్లలు ఆడమనిషి ముందు అడగడానికి సిగ్గుపడుతున్నారు, ఎందుకు ఇబ్బంది పెట్టడం అని ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అలా ఊరుకోవడం ఎంత పెద్ద తప్పో మా మాస్టారి విషయంలో తెలిసింది. "రాయమ్మా, నా పేరు పెట్టకుండా రాయి. ఇంకొకడికైనా పనికొస్తుంది" అని ఆయనే అన్నారు కాబట్టి రాస్తున్నాను.

మాస్టారు లెక్కలు చెప్పేవారు. రిటైరై మూడేళ్లు. పెన్షన్ పడిన మర్నాడే గుడ్డసంచీతో వచ్చి నెల మందులన్నీ ఒకేసారి తీసుకెళ్తారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్, స్టెంట్ వేసినప్పటి నుంచి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రాత్రికి అటార్వాస్టాటిన్. వీటితోపాటు, ఛాతీ పట్టేసినట్టుంటే నాలుక కింద పెట్టుకోమని గుండె డాక్టరుగారు రాసిచ్చిన సార్బిట్రేట్. దాన్ని ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంచుకుంటారు. ఆ చీటీ చూడకుండానే ఆయన మందులన్నీ తీసిపెట్టగలను నేను.

ఒక శనివారం మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికెళ్లాను. ఆ గంటలో ఆయన వచ్చి మా కుర్రాడి దగ్గర వయాగ్రా లాంటిదే అయిన తడలాఫిల్ 20 మిల్లీగ్రాములవి రెండు బిళ్లలు తీసుకున్నారు. చీటీ లేదు. స్నేహితుడెవరో ఆ పేరు చెప్పారట. మావాడు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మాస్టారు కదా, పెద్దాయన, ఏమనుకుంటారో అని మొహమాటపడ్డాడు. ఆ రాత్రి పదింటికి మాస్టారు ఒక బిళ్ల వేసుకున్నారు. ఆదివారం అంతా బాగానే గడిచింది. సోమవారం తెల్లవారుజామున ఛాతీలో పట్టేసినట్టు అనిపించింది. శనివారం రాత్రి మాట ఆయనకు గుర్తే రాలేదు. ఎప్పుడో వేసుకున్న బిళ్ల, దాని పని అయిపోయి ఉంటుందనుకోవడం సహజమే. అలవాటుగా సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకున్నారు. పది నిమిషాల్లో ఒళ్లంతా చెమటలు పట్టి, బాత్రూమ్ గుమ్మంలో కుప్పకూలిపోయారు.

ఎనిమిదింటికి నేను షటర్ తీస్తుంటే ఆయన భార్య ఆటోలో వచ్చి దిగారు. కాళ్లకు చెప్పులు కూడా లేవు. ఆసుపత్రిలో "ఏమేం మందులు వాడుతున్నారో చెప్పండి" అని అడిగితే, ఇంట్లో ఉన్నవన్నీ సంచిలో వేసుకుని తెచ్చారు. కౌంటర్ మీద కుమ్మరించాం. అన్నీ నేను ఇచ్చినవే, అన్నీ నాకు తెలిసినవే. ఆ కంగారులో టేబుల్ మీదున్న కళ్లజోడు పెట్టెని కూడా ఆవిడ అందులోనే వేసేశారు. అది తెరిచి చూస్తే మెత్తటి గుడ్డ కింద స్ట్రిప్పు ముక్క ఒకటి. రెండు గుంటలు. ఒకటి ఖాళీ, రెండోదాంట్లో పసుపు బిళ్ల. కత్తెర మందు పేరు మీదుగా పోయింది. చివరి నాలుగక్షరాలూ, పక్కన 20 అన్న అంకే మిగిలాయి. ఎక్స్‌పైరీ తేదీ పూర్తిగా పోయింది, చీటీ మీదే అమ్మాలని సూచించే ఎర్రగీత కూడా పోయింది. అంచు రంపం పళ్లలా నలిగి ఉంది. అలా నలగగొట్టే కత్తెర మా షాపులోదే. మొద్దుబారిందని మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఉన్నాను.

నా గుండె ఆగినంత పనైంది. కుర్రాడికి ఫోన్ చేసి అడిగాను. వాడు ఏడుస్తూ చెప్పాడు. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి డ్యూటీ డాక్టరుతో మాట్లాడాను. బీపీ పైది 70కి పడిపోయిందట. సెలైన్ ఎక్కించాక కాస్త పుంజుకుందట. ఛాతీలో బరువు తగ్గలేదు కాబట్టి సార్బిట్రేట్ లాంటిదే అయిన నైట్రోగ్లిజరిన్ మొదలుపెట్టాలా అని అప్పుడే ఆలోచిస్తున్నారట. "శనివారం రాత్రి తడలాఫిల్ 20 వేసుకున్నారండీ" అన్నాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. "మంచి పని చేశారు మేడం, ఇది ఆయన చెప్పలేదు" అని ఫోన్ పెట్టేశారు.

ఆయన చెప్పకపోవడానికి కారణం తర్వాత తెలిసింది. స్పృహ వచ్చాక అడిగారట, "ఇంకేమైనా మందులు వేసుకున్నారా?" అని. అప్పుడు మంచం చుట్టూ కూతురు, అల్లుడు, పక్కింటివాళ్లు ఉన్నారు. "లేదు" అన్నారు. నేనే ఆ మంచం మీద ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు.

అసలు ఈ రెండు మందులూ కలిస్తే ఏమవుతుందో మా డెల్టా వాళ్లకు అర్థమయ్యేలా చెప్తాను. రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ అనేది పుడుతుంది. దాని వల్ల ఇంకో పదార్థం తయారై నాళాల గోడలు వదులవుతాయి, రక్తం బాగా పారుతుంది. సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండేది ఇదే), తడలాఫిల్ చేసే పని ఆ రెండో పదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపడం. అంటే చేలోంచి నీళ్లు బయటికి పోయే తూముని మూసేస్తాయి. సార్బిట్రేట్, నైట్రోగ్లిజరిన్ లాంటి నైట్రేట్ మందులు పై నుంచి కాలవ గేటు ఎత్తి నీళ్లు వదులుతాయి. ఏదో ఒకటే అయితే చేను తట్టుకుంటుంది. తూము మూసి, గేటూ ఎత్తేస్తే గట్లు తెగుతాయి. ఒంట్లో నాళాలన్నీ ఒకేసారి వదులైపోయి బీపీ దబ్బున పడిపోతుంది. మెదడుకీ గుండెకీ రక్తం అందదు. అందుకే ఈ రెంటినీ కలపకూడదని ఖచ్చితమైన నిషేధం ఉంది. కాస్త తగ్గించి వాడితే పర్లేదు అనే మాటే లేదు.

సిల్డెనాఫిల్ అసలు పుట్టింది గుండెనొప్పి మందుగానే. ఇంగ్లండులో శాండ్విచ్ అనే ఊళ్లో ఫైజర్ వాళ్ల పరిశోధనశాలలో తయారైన దాన్ని ఆంజైనా కోసం పరీక్షిస్తుంటే అంగస్తంభన మీద దాని ప్రభావం బయటపడింది. 1998 మార్చి 27న అమెరికాలో అంగస్తంభన సమస్యకు దాన్ని ఆమోదించారు. రక్తనాళాల మీద పనిచేసే మందు ఇది. వేడి మందు, బలం మందు అని మనవాళ్లు పెట్టిన పేర్ల వల్లే దీన్ని గుండెతో ఎవరూ ముడిపెట్టుకోరు.

మాస్టారి విషయంలో దెబ్బ కొట్టింది టైము. సిల్డెనాఫిల్ వేసుకున్న నాలుగు గంటలకు రక్తంలో సుమారు సగం మిగులుతుంది. తడలాఫిల్ సగానికి తగ్గడానికి పదిహేడున్నర గంటలు పడుతుంది, దాని పని 36 గంటల దాకా ఉంటుంది. అందుకే సిల్డెనాఫిల్ తర్వాత కనీసం 24 గంటలు, తడలాఫిల్ తర్వాత కనీసం 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదంటారు. శనివారం రాత్రి పది నుంచి సోమవారం తెల్లవారి ఆరు వరకు 32 గంటలు. లెక్కల మాస్టారికి ఈ లెక్క చెప్పినవాళ్లు లేరు. నేను చెప్పి ఉండాల్సింది.

వయాగ్రా లాంటి బిళ్ల వేసుకున్నాక ఛాతీనొప్పి వస్తే నైట్రేట్ బిళ్ల జోలికి వెళ్లకండి. పక్కింటివాళ్లు తెచ్చి నాలుక కింద పెట్టబోయినా వద్దనండి. 108కి ఫోన్ చేయండి. ఏ బిళ్ల, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకు వేసుకున్నారో అంబులెన్సు వాళ్లకు, డాక్టరుకు చెప్పండి. చుట్టాలు చుట్టూ ఉంటే "అందరినీ ఒక్క నిమిషం బయటికి పంపండి" అనండి. ఆ మాట చాలు, డాక్టర్లకు అర్థమైపోతుంది.

ఇప్పుడు మా షాపులో పద్ధతి మార్చాం. చీటీ లేకుండా ఈ బిళ్ల ఇవ్వం. ఇది షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సింది, మొదటి నుంచీ అలాగే ఉండాల్సింది. "పక్క షాపులో ఇస్తారు, మనం పోగొట్టుకుంటాం" అని మావారు అన్నారు. కొంతమంది నిజంగానే వెళ్లిపోయారు కూడా. అయినా సరే అన్నాను. స్ట్రిప్పు కత్తిరించాల్సి వస్తే పేరు, బలం, ఎక్స్‌పైరీ కవరు మీద రాసి ఇస్తాం. కత్తెర కొత్తది కొన్నాను. లోపలి గదిలో ఒక కుర్చీ వేశాం. నోటితో అడగలేనివాళ్ల కోసం కౌంటర్ మీద చిన్న కాగితాల కట్ట, పెన్ను పెట్టాం. రాసి ఇస్తే చాలు. సోడా బండి దగ్గర నిలబడేవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఇప్పుడు మెట్టెక్కుతున్నారు.

వాళ్లతో మాట్లాడుతుంటే నాకు తెలిసొచ్చింది, చాలామందికి ఈ మందు ఎలా పనిచేస్తుందో ఏమీ తెలియదు. వేసుకోగానే దానంతటదే పనిచేస్తుందనుకుంటారు. మనసులో కోరిక, దగ్గరతనం లేకుండా అది ఏమీ చేయదు. సిల్డెనాఫిల్ గంట ముందు వేసుకోవాలి. పెళ్లిలో బిర్యానీ, నెయ్యి గారెలు లాగించి వేసుకుంటే ఒంటికి పట్టడానికి ఇంకో గంట ఆలస్యమవుతుంది. అది తెలియక, పనిచేయలేదని టెన్షన్ పడి రెండోది వేసేసుకుంటారు. రోజుకు ఒకటే, అంతకు మించి కుదరదు. మామూలుగా 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. అరవై ఐదు దాటినవాళ్లకు, లివర్, కిడ్నీ బాగాలేనివాళ్లకు 25తోనే మొదలు. మొదటిసారి కుదరకపోతే నిరాశపడక్కర్లేదు, వేరే రోజుల్లో ఇంకొన్నిసార్లు చూశాకే పనిచేస్తుందో లేదో తేలుతుంది. మద్యం తాగి వేసుకుంటే బీపీ ఇంకా పడిపోతుంది, పైగా తాగుడే ఆ పనిని చెడగొడుతుంది. తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, కడుపులో మంట మామూలే. తడలాఫిల్‌తో నడుంనొప్పి రావచ్చు. ఉన్నట్టుండి చూపు పోయినా, వినికిడి తగ్గినా, అంగం నాలుగు గంటలు దాటినా మెత్తబడకపోయినా వెంటనే క్యాజువాలిటీకి వెళ్లాలి. తెల్లారేదాకా ఆగడం ప్రమాదం.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఒకే మందు వేర్వేరు పేర్లతో రావడం. ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దవాళ్లకు మూత్రం సాఫీగా రావడానికి తడలాఫిల్ 5 మిల్లీగ్రాములు రోజూ వేసుకోమని రాస్తారు. ప్రోస్టేట్‌కే వాడే టామ్సులోసిన్‌తో కలిపి ఒకే బిళ్లగా కూడా వస్తుంది. మొన్నో పెద్దాయన అది రోజూ వేసుకుంటూనే సిల్డెనాఫిల్ చీటీ ఇంకో డాక్టరు దగ్గర రాయించుకొచ్చాడు. రెండూ ఒకే కుటుంబం మందులని ఆయనకూ తెలియదు, రెండో డాక్టరుకి మొదటి చీటీ చూపించనూ లేదు. "అది ఒంటేలు మందు కదమ్మా" అన్నాడు పాపం. ఇద్దరు డాక్టర్లకూ ఫోన్ చేశాకే ఆయన్ని పంపించాను. టామ్సులోసిన్, ప్రజోసిన్ లాంటివి వాడేవాళ్లు ఈ బిళ్ల కూడా వేసుకుంటే లేచి నిలబడగానే కళ్లు తిరిగే ప్రమాదం ఉంటుంది. కొన్ని ఫంగస్ మందులు, ఎరిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్, హెచ్ఐవీకి వాడే రిటోనవిర్ ఈ మందుని ఒంట్లో ఎక్కువసేపు నిలబెట్టేస్తాయి. అందుకే అన్ని చీటీలూ తెమ్మంటాను.

గోడల మీద "నరాల బలహీనతకు శాశ్వత పరిష్కారం" అని ఫోన్ నంబరు రాసే పొడులు, లేహ్యాల సంగతీ చెప్పాలి. పూర్తిగా మూలికలే, సైడ్ ఎఫెక్టులు లేవు అంటారు. ఇలాంటి "సహజ" ఉత్పత్తులను పరీక్షిస్తే చాలావాటిలో సిల్డెనాఫిల్ గానీ దాని చుట్టం మందు గానీ దొంగతనంగా కలిపి ఉన్నట్టు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉంది. ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. నైట్రేట్ వాడే మనిషి మూలికే కదా అని నమ్మి అది తిన్నాడనుకోండి, క్యాజువాలిటీలో డాక్టరు అడిగినా చెప్పడానికి అతని దగ్గర పేరు కూడా ఉండదు.

ఇంకో సంగతి. కిందటేడు ఒకమ్మాయి ఎనిమిది నెలల బాబుని ఎత్తుకుని వచ్చింది. చీటీలో సిల్డెనాఫిల్ ఉంది. అది ఏ మందో ఆమె మరిది ఫోన్‌లో చూసి, ఆ డాక్టరుకి పిచ్చి పట్టిందని గొడవ చేశాడట. ఇంట్లో అందరూ ఆపేయమంటుంటే అనుమానం తీర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చింది. ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువైన పిల్లలకు కూడా గుండె డాక్టర్లు ఇదే మందు రాస్తారని, దీన్ని తనంతట తాను ఆపితేనే ప్రమాదమని చెప్పాను. డాక్టరు రాసిన మోతాదు మళ్లీ ఫోన్‌లో సరిచూసి ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ "అక్కా, మా మరిదికి మీరొకసారి చెప్తారా" అంది. ఫోన్ కలపమని చెప్పాను.

వయసులో ఉన్నవాళ్లు వస్తే నేను బిళ్ల కన్నా ముందు షుగర్ గురించి అడుగుతాను. రైసు మిల్లులో పనిచేసే ముప్పై ఎనిమిదేళ్ల అబ్బాయి ఒకడు కాగితం మీద రాసి ఇచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి, దాహం ఎక్కువగా ఉందా, రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నావు అని అడిగి, వేలు గుచ్చి చూశాను. 312. అతనికి షుగర్ ఉందన్న సంగతే తెలియదు. అంగానికి వెళ్లే ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నటివి, గుండెవి మూడు నాలుగు మిల్లీమీటర్లు. నాళాలు పూడుకుపోవడం మొదలైతే ముందు దెబ్బ తగిలేది సన్నవాటికే. చాలామందిలో గుండె జబ్బు బయటపడడానికి రెండు మూడేళ్ల ముందే ఇక్కడ తేడా కనిపిస్తుంది. బిళ్ల కొనుక్కుని వెళ్లిపోయి ఉంటే ఆ అబ్బాయి షుగర్ ఎప్పటికి తెలిసేదో. అతను ఇప్పుడు షుగర్ మందు వాడుతున్నాడు. అతను అడిగిన బిళ్ల కూడా డాక్టరే చూసి రాశారు.

మాస్టారి దగ్గరికి వస్తాను. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చారు. నెల తర్వాత ఆయనే వచ్చి, నేనేమీ అనకముందే లోపలి గదిలోకి వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నారు. నేను క్షమాపణ చెప్పాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు. కాసేపాగి, "ఇంక మా ఇద్దరికీ అది లేనట్టేనా అమ్మా?" అన్నారు. అరవై ఒక్కేళ్ల మనిషి, ముప్పై ఐదేళ్లు ఒకే మనిషితో కాపురం చేసినాయన, తల వంచుకుని అడిగిన మాట అది. అందులో సిగ్గుపడాల్సింది నాకేమీ కనిపించలేదు. లేనట్టు కాదని చెప్పాను. నైట్రేట్ అవసరం ఉన్నంతకాలం ఆ బిళ్ల కుదరదు. గుండె కుదుటపడి, రెండంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కగలిగి, నైట్రేట్ అక్కర్లేదని గుండె డాక్టరే తేల్చిన రోజున మళ్లీ అడగొచ్చు. అప్పటిదాకా మందు లేకుండా వాక్యూమ్ పంపుతో చేసే పద్ధతి ఉంది, దాని గురించి యూరాలజిస్టు చెప్తారు. అసలు ఈ ప్రశ్న గుండె డాక్టరునే సూటిగా అడగండి, ఆయన రోజూ వినే ప్రశ్నే అన్నాను. పిన్నిగారిని కూడా వెంట తీసుకెళ్లమన్నాను. ఇద్దరూ కలిసే వెళ్లొచ్చారు.

ఈ నెల మందులకు వచ్చినప్పుడు మాస్టారు చొక్కా జేబులోంచి మడత పెట్టిన తెల్లకాగితం తీశారు. స్కేలు పెట్టి నిలువుగా గీత కొట్టారు. ఎడమవైపు వేసుకునేవి, కుడివైపు వేసుకోకూడనివి. బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు. కుడివైపు మొదటి పేరు మీద వేలు పెట్టి, "స్పెల్లింగు సరిగ్గా ఉందో లేదో చూడమ్మా, డాక్టర్లకు చూపించాల్సింది" అన్నారు. తడలాఫిల్‌లో ఒక అక్షరం తప్పుంది. ఆయన ఎర్రపెన్ను నా చేతికిచ్చారు.